మన కంచములో కూరల వంతు

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



"ఆరోగ్యము మీద నాలుగు మాటలు చెప్పండి" అని కార్యదర్శిగారు కబురు పంపినప్పుడు మేము మొదట సంకోచించాము. మేము వైద్యులము కాము. మెట్రిక్ ప్యాసై, రైల్వేలో గుమాస్తాగా చేరి, సరకు తూచుట, రశీదు వ్రాయుట, సాయంకాలమునకు లెక్క సరిచూచుకొనుట, ఇదే మా విద్య. సిరొంచకు రైలు లేదు గనుక బల్లార్షాలో డ్యూటీ దిగి బస్సెక్కి రావలసిందే. అయినా వచ్చినాము. కార్యదర్శిగారు మాట్లాడమన్నది ఒంటి బరువును గురించి. బరువు, తూకము అన్న మాటలు వింటే మా వంటివారికి కొంత ధైర్యము కలుగుతుంది. కాబట్టి వైద్యుని వలె గాక తూకపు గుమాస్తా వలెనే మాట్లాడుతాము. తప్పక వినవలసిన సలహా మీ డాక్టరుగారిదే. మేము చెప్పేది ఇంటి లెక్క మాత్రమే.

బరువు తగ్గదలచినవారు మొట్టమొదట అడిగే ప్రశ్న "ఏమి మానివేయాలి?" అనేది. ఈ ప్రశ్న ముందు గాక తరువాత రావాలని మా మనవి. ముందు అడగవలసినది "కంచములో ఏమి ఎక్కువగా వడ్డించుకోవాలి?" అని. దానికి జవాబు కూరగాయలు, ఆకుకూరలు. ఇంత చిన్న మాటకు ఇంత ప్రసంగమా అనకండి. చిన్న మాటలోనే పెద్ద లెక్క ఉన్నది.

ఇప్పుడు మన కుటుంబములలో డైటింగు అనే మాట లేని ఇల్లు అరుదైపోయినది. ఒకరు అన్నము పూర్తిగా మానివేస్తారు. ఒకరు రాత్రి భోజనము మానివేస్తారు. ఒకరు వారము దినములు పండ్లరసము మీద ఉంటారు. పెండ్లిచూపులు కుదిరిన ఆడపిల్ల పదిహేను దినములు రెండు బిస్కత్తులతో, టీనీళ్లతో గడుపుతుంది. సెల్ ఫోనులో రోజుకొక కొత్త పద్ధతి వస్తుంది, నిన్నటి పద్ధతి పాతబడుతుంది. 2017, 2018 ప్రాంతములో వీరమాచినేని రామకృష్ణగారు ప్రచారము చేసిన విధానము రెండు తెలుగు రాష్ట్రములలోను ఎంత మారుమ్రోగినదో మీకు తెలుసును. అన్నము, రొట్టె, పప్పు మానివేసి కొబ్బరినూనె వంటి కొవ్వు ఎక్కువగా తీసుకొనుట దాని సారాంశము. గోదావరి దాటి ఆ మాట ఇక్కడికీ వచ్చినది. దానివలన బరువు తగ్గినవారు ఉన్నారు. లేరనుట న్యాయము కాదు.

పిండిపదార్థము మానుట అనే ఆలోచన కూడ కొత్తది కాదు. లండనులో విలియం బాంటింగ్ అనే ఆయన రొట్టె, చక్కెర, బీరు, బంగాళాదుంప తగ్గించి తాను సన్నబడిన సంగతిని 1863లో చిన్న పుస్తకముగా అచ్చు వేయించినాడు. అది ఎంతగా వ్యాపించినదంటే ఆంగ్లేయులు డైటింగుకు బదులు ఆయన పేరునే క్రియాపదముగా వాడినారు. నూట అరువది ఏండ్లు దాటినవి. ప్రతి తరములోను ఆ పద్ధతియే కొత్త పేరుతో తిరిగి వస్తున్నది. సన్నబడినవారు మళ్లీ లావు కాకుండా నిలిచిపోతే ఇన్నిసార్లు తిరిగి రావలసిన అవసరమేమి?

మా ఆఫీసులో ఒక మిత్రుడున్నాడు. అన్నము మానివేసి మూడు నెలలలో పదకొండు కిలోలు తగ్గినాడు. పార్సెలు కాటా మీద వారానికొకసారి నిలబడి మా అందరికీ అంకె చూపించేవాడు. నాలుగవ నెలలో మేనమామ కూతురి పెండ్లి వచ్చినది. ఐదవ నెలలో పండుగలు వచ్చినవి. ఏడాది తిరిగేసరికి పదకొండూ తిరిగి వచ్చి, పైన రెండు చేరినవి. ఆయన ఇప్పుడు కాటా వైపు చూడడు. ఆయన దృఢచిత్తము లేనివాడు కాడు. ఇరువది ఏండ్ల సిగరెట్టును ఒక్కరోజున మానినవాడు. సిగరెట్టు మానితే ఇక దాని జోలికి పోనక్కరలేదు. భోజనము అట్లు కాదు, రోజుకు రెండుసార్లు దాని ఎదుట కూర్చొనవలసిందే.

ఆకలిని గురించి ఒక పెద్ద పరీక్ష అమెరికాలో జరిగినది. 1944, 1945 సంవత్సరములలో మిన్నెసోటా విశ్వవిద్యాలయములో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు ఆరోగ్యవంతులైన 36 మంది యువకులకు, వారి సమ్మతితోనే, ఆరు నెలలు సగము భోజనము పెట్టి చూచినాడు. వారి బరువు సుమారు నాలుగవ వంతు తగ్గినది. బరువుతోపాటు ఉత్సాహము తగ్గినది, చలి ఎక్కువైనది, కోపము ఎక్కువైనది. పగలు, రాత్రి తిండిని గురించిన ఆలోచనయే. వంటల పుస్తకములు పోగుచేసి చదువుకొన్నవారు సైతము ఉన్నారు. పరీక్ష ముగిసి స్వేచ్ఛగా తిననిచ్చినప్పుడు కడుపు నిండినా ఆకలి తీరని స్థితి చాలా కాలము ఉన్నది. ఇది మనిషి బలహీనత కాదు. కరవు వచ్చినదనుకొని శరీరము తన్ను తాను కాపాడుకొనుట. మనము కడుపు మాడ్చుకొన్నప్పుడు జరిగేదీ చిన్న ఎత్తున ఇదే.

"లంఖణము పరమౌషధము" అన్నారు కదా అని పెద్దలు అడుగవచ్చును. అజీర్తి చేసిన పూట, జ్వరము వచ్చిన పూట ఆ మాట చెల్లుతుంది. ఏకాదశికి ఉపవాసమున్నవారు కూడ ద్వాదశినాడు పారణ చేస్తారు. పారణ లేని ఏకాదశి మన పెద్దలు చెప్పలేదు.

ఇక మన పరిస్థితి ఏమిటో చూతము. 2019 నుండి 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశములో స్త్రీలలో నూటికి 24 మంది అధిక బరువుతో ఉన్నారు. తెలంగాణలో నూటికి 30 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 36 మంది. అనగా ఈ విషయములో తెలుగువారము దేశము కంటె ముందున్నాము. సంతోషింపదగిన ముందంజ కాదు. అదే సర్వేలో దేశములో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. ఒళ్లు లావు, రక్తము తక్కువ. ఒకే ఇంట్లో, ఒక్కొక్కప్పుడు ఒకే మనిషిలో, రెండూ ఉంటున్నవి. ఇది ఎట్లు సంభవము?

దీనికి జవాబు వంటింటిలో దొరుకుతుంది. మన ఇండ్లలో చాలాచోట్ల ఐదుగురికి పూటకు అరకిలో కూరగాయ వండుతారు. మనిషికి నూరు గ్రాములు. ఆ నూరైనా సమముగా పంచబడుతుందా? ముందు మగవారు కూర్చుంటారు, తరువాత పిల్లలు, మధ్యలో చుట్టము వస్తే చుట్టము. ఇల్లాలు చివర కూర్చుంటుంది. అప్పటికి గిన్నె అడుగున పులుసు మిగులుతుంది. "కూర లేకుంటే ఏమాయె, తొక్కు ఉన్నది గద" అని ఇంత అన్నము, ఇంత తొక్కు కలుపుకొని లేస్తుంది. రోజులు కాదు, ఏండ్లు ఇట్లే గడుస్తవి. అన్నము ఎక్కువై లావైనదీ ఆమెయే, ఆకుకూర అందక రక్తము తరిగినదీ ఆమెయే. అటువంటి ఆమెతో "లావైనావు, తినుట తగ్గించు" అంటే ఆమె ఏమి తగ్గిస్తుంది? ఉన్న ఆ కాస్త కూడ తగ్గిస్తుంది.

మరొక సంగతి. ఇంటి యజమాని డైటింగు మొదలుపెట్టితే ఆయనకొక వంట, మిగతావారికొక వంట. రెండు పొయ్యిల వద్ద నిలబడేది ఎవరో చెప్పనక్కరలేదు. ఆయన కంచము వేరు, మాట వేరు, కోపము వేరు. ఇంటిల్లిపాది కలిసి పాటించలేని పద్ధతి ఇంట్లో ఎక్కువకాలము నిలువదు. కూరల వంతు పెంచుటలో ఈ చిక్కు లేదు. లావుపాటివారికి, బక్కపలుచనివారికి, ముసలివారికి, బడిపిల్లలకు ఒకే వంట, ఒకే గిన్నె. ఎవరికి కావలసినంత అన్నము వారు పెట్టుకొంటారు.

కూర ఎక్కువైతే బరువు ఎందుకు తగ్గుతుందో మా గూడ్సు షెడ్డు భాషలో చెప్పుతాము. ఒక వ్యాగనులో దూది బేళ్లు వేయవచ్చును, ఇనుము వేయవచ్చును. దూదితో వ్యాగను కప్పు వరకు నిండినా మోసే బరువు కొంచెమే. ఇనుము అడుగున పరచినంతలోనే మోయగలిగిన బరువంతా అయిపోతుంది. మన కడుపు కూడ వ్యాగను వంటిదే. నిండినదా లేదా అన్నది దానికి ముఖ్యము. ఎన్ని క్యాలరీలు చేరినవో వెంటనే తెలియదు. నూరు గ్రాముల వండిన అన్నములో సుమారు 130 కిలో క్యాలరీలు. అంతే బరువు ఆనిగెపుకాయలో గాని, బీరకాయలో గాని, దోసకాయలో గాని 20 లోపే. తోటకూర, పాలకూర 30 దాటవు. నూనె నూరు గ్రాములలో 900. ఆకుకూర దూది బేలు, నూనె ఇనుప కడ్డీ అన్నమాట. కూరగాయలలో నూటికి తొంబది వంతులు నీరు, మిగిలినదానిలో కొంత పీచు. పీచు నెమ్మదిగా కదులుతుంది గనుక మళ్లీ ఆకలి తొందరగా కాదు.

ఒక పూట లెక్క వేసి చూతము. అర కిలో వండిన అన్నము, యాభై గ్రాముల కూర తినే మనిషి ఉన్నాడనుకొందాము. అన్నములో 650, కూరలో ఒక 50, మొత్తము 700 కిలో క్యాలరీలు. ఆ మనిషి మూడు వందల గ్రాముల అన్నము, రెండు వందల యాభై గ్రాముల కూర తింటే ఎంత? అన్నము 390, కూరగాయ 75, అందులో రెండు చిన్న చెంచాల నూనె 90, మొత్తము 555. తిండి బరువు అప్పుడూ 550 గ్రాములే, ఇప్పుడూ 550 గ్రాములే. కడుపు ఖాళీ లేదు. తగ్గినది మాత్రము పూటకు 145, రెండు పూటలకు 290. మొదటి నెలలలో నెలకు కిలో వరకు తగ్గవచ్చును, తరువాత నెమ్మదిస్తుంది. నెలకు కిలోయేనా అని ముక్కు విరువకండి. ఎక్స్‌ప్రెస్సులో వచ్చిన బరువు కాదు గదా, ఎక్స్‌ప్రెస్సులో పోవుటకు? ఏండ్ల తరబడి ప్యాసెంజరు బండిలో ఎక్కినది, ప్యాసెంజరులోనే దిగుతుంది.

ఈ లెక్క మా సొంతము కాదు. పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయములో బార్బరా రోల్స్ అనే శాస్త్రజ్ఞురాలు దీనినే ఏండ్ల తరబడి పరీక్షించినది. భోజనమునకు ముందు పచ్చి కూరగాయల ముక్కలు నిండుగా తిన్నవారు ఎవరూ చెప్పకుండానే తరువాతి భోజనము తగ్గించుకొన్నారని ఆమె చూపినది. మన మరాఠీ పొరుగువారి ఇంట విస్తరిలో మొదట వడ్డించే కోశింబీర్ గుర్తున్నదా? దోసకాయ తురుము, వేరుశనగ పొడి, నిమ్మరసము, కొత్తిమీర. పరాయి రాష్ట్రమునకు వచ్చినందుకు మనము నేర్చుకొనదగిన వంటలలో అది మొదటిది.

ఇక మన దేశపు ప్రమాణము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చరిత్ర కూడ మనకు సంబంధించినదే. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ దొర బెరిబెరి వ్యాధి పరిశోధనకు పెట్టిన చిన్న విభాగమే దాని మూలము. 1958లో హైదరాబాదుకు వచ్చి, 1969 నుండి ఇప్పటి పేరుతో నడుస్తున్నది. ఆ బెరిబెరి మన ఉత్తర సర్కారు జిల్లాలలో, తెల్లని మిల్లు బియ్యముతోనే కడుపు నింపుకొనే పేదలలో కనబడేది. అన్నము మంచిదే, అన్నము ఒక్కటే చాలదని మన తాతలు కాళ్లు వాచి తెలుసుకొన్న పాఠము అది. ఈ సంస్థ 2024లో ప్రకటించిన సూచనల ప్రకారము, రోజుకు 2000 కిలో క్యాలరీల భోజనములో బియ్యము, జొన్న, గోధుమ వంటి ధాన్యము 250 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు కలిసి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, నూనె 27 గ్రాములు ఉండవలెను. కంచములో సగము కూరలు, పండ్లే. ధాన్యమును బహిష్కరించమని వారు చెప్పలేదు. ఉదయము తినే ఇడ్లీ, దోసెలోని బియ్యము కూడ ఆ 250లోనిదే.

ఐదుగురు పెద్దలున్న ఇంటికి రోజుకు నాలుగు వందల చొప్పున రెండు కిలోలు. వారమునకు పదునాలుగు కిలోలు. ఇప్పుడు మీ ఇంటి సంచిలో వారమునకు ఎంత వస్తున్నదో కాటా మీద పెట్టి చూడండి. నూనె లెక్క కూడ చెప్పుతాము: ఐదుగురికి నెలకు సుమారు నాలుగు కిలోలు, తాలింపు, మిరపకాయ బజ్జీ, పండుగ పిండివంట అన్నీ అందులోనే. గుత్తివంకాయ నూనెలో తేలుతుంటే అది కూరగాయ లెక్కలో కొంత, నూనె లెక్కలో ఎక్కువ. బంగాళాదుంప వేపుడు అన్నమునకు తమ్ముడు. ఆవకాయ, గోంగూర పచ్చడి రుచికి, కూరకు బదులు కావు. ఉప్పు ఎంత పడుతుందో వేసిన చేతికి తెలుసును. రోజుకు మనిషికి ఐదు గ్రాములకు లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

ఆకుకూరను గురించి ప్రత్యేకముగా ఒక మాట. ఫోలిక్ ఆమ్లము అనే విటమినును 1941లో అమెరికాలో పాలకూర నుండి వేరుచేసినారు. లాటిను భాషలో ఆకు అని అర్థమిచ్చే మాట నుండే దానికా పేరు వచ్చినది. దానిని 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ కంపెనీ బృందమునకు నాయకుడు మన భీమవరములో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. స్ప్రూ అనే గ్రహణి వ్యాధితో అన్నదమ్ములను పోగొట్టుకొని, తానూ దానితో బాధపడినవాడు ఆయన. ఆ వ్యాధికి, గర్భిణుల రక్తహీనతకు పనికివచ్చిన మందు చివరకు ఆకు పేరు గలది అయినది. అయితే ఆకుకూర తింటే చాలు, మాత్ర అక్కరలేదని మేము చెప్పుట లేదు. ఆకులోని ఇనుము శరీరమునకు కొద్దిగానే అందుతుంది. నిమ్మరసము పిండితే కొంత మెరుగు. రక్తహీనత ఉన్న తల్లులు ఆసుపత్రిలో ఇచ్చే ఇనుము మాత్రలు వేసుకొంటూనే ఆకుకూర తినవలెను.

"మన ఊరి కూరలు ఇక్కడ దొరకవు" అనే మాట కొత్తగా వచ్చిన కుటుంబములవారు అంటుంటారు. దొరకక కాదు, పేరు తెలియక. బజారులో అంబాడీ అంటే మన పుంటికూర, మన గోంగూర. మాఠ్ అంటే తోటకూర. చుకా అంటే చుక్కకూర. ఘోళ్ అంటే గంగవాయిలి. శేవగా అంటే మునగ. దోడకా అంటే బీర, పడవళ్ అంటే పొట్ల, కార్లే అంటే కాకర, వానకాలములో వచ్చే కాటవల్ అంటే బోడకాకర. ములచేరా, చామోర్శి తాలూకాలలో స్థిరపడిన బెంగాలీ కుటుంబములవారు పుయ్ శాక్ అని కట్టలు కట్టి అమ్మేది మన తీగబచ్చలియే. నాలుగు భాషల పేర్లు తెలిస్తే ఒక్క సంతలోనే నాలుగు సీమల కూరలు సంచిలో పడుతవి. సిరొంచలో తరతరాలుగా ఉన్న తెలుగువారికి ఇవన్నీ తెలిసినవే; కొత్తవారికి చెప్పే బాధ్యత వారిది.

ఈ అడవి సీమలో మరొక భాగ్యమున్నది. తొలకరి పడగానే తగిరిస మొలుస్తుంది. మరాఠీలో తరోటా అంటారు. లేత ఆకు కోసి పప్పులో వేస్తే డబ్బు ఖర్చు లేని కూర. గోండు, మాడియా స్త్రీలు వెదురు కొమ్ములు, అడవి ఆకులు బుట్టలలో తెచ్చి అమ్ముతారు. అవి వండే విధము వారినే అడిగి తెలుసుకొనవలెను. వెదురు కొమ్మును బాగా ఉడికించి ఆ నీరు పారబోయనిదే తినరాదు. తెలియని ఆకును చూచి తెలిసినట్లు కోయరాదు. వేసవిలో ప్రాణహిత, గోదావరి నీరు తీసినప్పుడు ఇసుక మీద దోస, పుచ్చ పాదులు వేస్తారు. నది ఒడ్డున ఉండి దోసకాయకు మొగము వాచుట ఏమి న్యాయము?

కొందరి ఆక్షేపణలకు జవాబు చెప్పి ముగిస్తాము.

"కూరగాయలు ప్రియము" అంటారు. నిజమే; 2023 వేసవి దాటగానే టమాటా కిలో నూరు రూపాయలు దాటిన సంగతి మరచిపోలేదు. ఆ నెలలో టమాటా కొనక ఆనిగెపుకాయ కొనవలెను. కాలములో కాచిన కాయ చౌక. డైటింగు పేరున కొనే పొడులు, డబ్బాలు, మాత్రల ఖర్చును కూరగాయల సంచితో పోల్చి చూచుకొనండి.

"మా ఇంట్లో పిల్లలు ముట్టరు" అంటారు. తండ్రి కంచములో ఉన్నది పిల్లవాని కంచములోనికి వస్తుంది. తండ్రి పొట్లకాయను పక్కకు నెట్టి, కొడుకును తినమంటే కొడుకు కండ్లు గుడ్డివి కావు. పప్పుకూర, పులుసుకూర, పెరుగుపచ్చడి, మజ్జిగపులుసు, కలగూర, ఇన్ని విధములు మన పెద్దలు కనిపెట్టి ఇచ్చినారు. ఒక విధము నచ్చకుంటే మరొక విధము.

"తరుగుటకు తీరిక ఎక్కడిది?" అనేది ఆడవారి మాట. ఈ ఆక్షేపణ న్యాయమైనది. రెండు కిలోల కూరగాయ ఒక్క చేతితో తరుగుట పనియే. కాబట్టి మగవారికి మా మనవి: కూర ఎక్కువ కావలెనని అడిగే నోరు ఉంటే తరిగే చేయి కూడ ఉండవలెను. మేము నైట్ డ్యూటీ లేని సాయంకాలము చిక్కుడుకాయ ఈనెలు తీస్తాము. రేడియో వింటూ అరగంటలో అయ్యే పని. మా ఉద్యోగమునకు గాని, మా మర్యాదకు గాని ఇంతవరకు భంగము కలుగలేదు.

జాగ్రత్తలు కూడ చెప్పవలెను. చక్కెర వ్యాధికి మాత్రలు, ఇన్సులిను వాడేవారు డాక్టరుతో చెప్పకుండా అన్నము ఒక్కసారిగా తగ్గించరాదు. చక్కెర మరీ పడిపోవచ్చును. మూత్రపిండముల జబ్బు ఉన్నవారికి, కొన్ని కూరలలోని పొటాషియం పడదు. మూత్రములో రాళ్లు వచ్చినవారు పాలకూర, గోంగూర విషయమై డాక్టరును అడగవలెను. రక్తము పలుచబడుటకు వార్ఫరిన్ మందు వాడేవారు ఆకుకూరలను హఠాత్తుగా పెంచరాదు. ఇక ఎవరు బరువు తగ్గవలెననే ప్రశ్న: మన దేశస్థులలో పురుషునికి నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, స్త్రీకి 80 దాటితే శ్రద్ధ వహించవలెనని వైద్యులు చెప్పుతారు. దాటనివారు, ముఖ్యముగా ఎదిగే ఆడపిల్లలు, అద్దము చూచి కడుపు మాడ్చుకొనరాదు. ఈ జిల్లాలోనే అడవి పల్లెలలో తిండి చాలక బక్కచిక్కిన పిల్లలున్నారు. అన్నము ఉండి మానుట గొప్పగా చెప్పుకొనే మాట కాదు.

చివరగా మన సంఘమునకు మూడు సూచనలు మనవి చేస్తాము. మొదటిది: సంఘము విందులలో రెండు కూరలు, ఒక ఆకుకూర పప్పు, ఒక పచ్చికూరల వంటకము తప్పనిసరిగా ఉండి, అవి మొదట వడ్డించబడవలెను. తీపి మానవద్దు, తరువాత రానివ్వండి. రెండవది: మృగశిర కార్తెకు ముందు ప్రతి ఇంటికీ ఆనిగెపు, బీర, చిక్కుడు, పుంటికూర, బచ్చలి విత్తనములు పొట్లములు కట్టి పంచవలెను. పెరడు లేనివారికి రెండు డబ్బాల మట్టి చాలును. మునగకొమ్మ ఒకటి నాటితే వాడకంతా కూర. మూడవది ఖర్చు లేనిది, అన్నిటికంటె కష్టమైనది: ఇంట్లో అందరూ కలిసి కూర్చొని తినవలెను. వంట చేసిన తల్లి కంచములో కూర పడిన తరువాతనే మగవారు రెండవసారి వడ్డించుకొనవలెను. ఇది ఒక్కటి జరిగితే మేము చెప్పిన లెక్కలన్నీ మరచిపోయినా నష్టము లేదు.

ఈనాడు మనమంతా ఉగాది పచ్చడి తిన్నాము. మన పొరుగువారు గుడీ పాడ్వా అని వేపాకు, బెల్లము తిన్నారు. ఆ పచ్చడిలో తీపి ఉన్నది, చేదు ఉన్నది, పులుపు, వగరు, ఉప్పు, కారము ఉన్నవి. ఏ రుచినీ మన పెద్దలు గెంటివేయలేదు; దేని పాళ్లు దానికి పెట్టినారు. సంవత్సరమంతా కంచములో కూడ ఆ పాళ్లు కుదరవలెనని, మన ఇంటి తల్లులు కూడ కడుపునిండా కూర తినే సంవత్సరము కావలెనని కోరుతున్నాము.